గడ్డి మిషనూ, దాని సీటూ

గడ్డి కోసే నా మిషనుకు స్టీరింగు ఉండదు. సీటుకు రెండు పక్కలా రెండు పొడవాటి లివర్లుంటాయి. రెండూ ముందుకు తోస్తే ముందుకు పోతుంది. ఒకటి తోసి ఒకటి లాగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే దాన్ని జీరో టర్న్ అంటారు. మూతపడ్డ ఒక రిసార్టు సామాన్లు అమ్ముతుంటే కొన్నాను. నేను అడిగిన ధరకు అమ్మినవాడు ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, అక్కడే భయపడి ఉండాల్సింది. బదులుగా ఇంటికొచ్చి, బేరమంటే ఇలా ఆడాలని మా ఆవిడకు పాఠం చెప్పాను. ఆవిడ పప్పు తిరగమోత పెట్టుకుంటూ విన్నది.

అప్పట్నుంచీ ఆ మిషను నన్ను తిప్పుతూనే ఉంది. ఒకసారి బెల్టు తెగుతుంది, ఇంకోసారి కార్బురేటరు పూడుకుపోతుంది, సముద్రపు గాలికి తుప్పుపట్టిన బోల్టు స్పానరు పెట్టగానే తల ఊడి చేతికొస్తుంది. బెల్టులూ బేరింగులూ సైజు చెబితే మా ఊళ్లో దొరుకుతాయి. మిగతావి దొరకవు.

పోయిన వానాకాలం ఉక్కునగరం దగ్గర ఒక క్లబ్బు మైదానంలో కోస్తున్నాను. ఎవరి పెళ్లికో షామియానా వేసినవాళ్లు ఒక ఇనప మేకు పీకకుండా వదిలేశారు. అది బ్లేడుకు తగిలింది. మిషను పొట్ట కింద వెడల్పాటి డెక్కు, అందులో మూడు బ్లేడ్లు ఉంటాయి. ఒక్కో బ్లేడును తిప్పే ఇరుసు స్పిండిలు. కుడివైపు స్పిండిలును పట్టి ఉంచే అల్యూమినియం గూడు నిలువునా పగిలింది.

ఆదివారం అదే మైదానంలో క్రికెట్ పోటీలు. క్లబ్బు మేనేజరుది కృష్ణా జిల్లా. ఎంత కటువైన మాటైనా మర్యాదగానే అంటాడు.

"చూడండీ, శనివారం సాయంత్రానికి కోత అయిపోవాలి. చేతి మిషన్ల కుర్రాళ్లు రోజూ వచ్చి పని అడిగిపోతున్నారు. ఆపైన మీ ఇష్టమండీ."

ఏడాది పొడుగునా ఆ మిషనుకు తిండి పెట్టేది ఆ ఒక్క మైదానమే. అది పోతే మిషను మా వాకిట్లో కోళ్ల గూడు.

కంపెనీ డీలరు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్నాడు. ఆ మోడలు ఆగిపోయిందట, పార్టు పైదేశం నుంచి ఓడలో రావాలట. ఆ మాట నేను మల్కాపురంలో మా మేడ మీద నిలబడి, హార్బరు క్రేన్ల వైపు చూస్తూ విన్నాను. ఎన్ని దేశాల బొగ్గు దిగుతుందిక్కడ! నా గుప్పెడు అల్యూమినియం ముక్కకే చోటు లేదు. లేతు పనివాడి చేత అతుకు వేయించాను. మైదానం ఒక చుట్టు తిరక్కముందే అతుకు విడిపోయింది.

బుధవారం నాడు మల్కాపురం చివర తుక్కు కొట్లో అలాంటి మిషనే ఒకటి పక్కకు ఒరిగి కనపడింది. ఇంజను లేదు. డెక్కు కింద మూడు స్పిండిళ్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వెంటనే మొహం ఉప్పు కొనడానికి వచ్చినవాడిలా పెట్టాను. కావలసినదాని వైపు చూడకూడదు, ముందు అక్కర్లేనిది అడగాలి. మా నాన్న నేర్పిన మొదటి పాఠం ఇదే.

"సీటు ఎంతకిస్తావు?" అన్నాను.

తుక్కు కొట్టతను కాటా మీద నుంచి తలెత్తాడు. "సీటా? సీటు కోసం ఇంత ఎండలో వచ్చావేటి బావా?"

"నా సీటు చిరిగిపోయింది. నడుం పోతంది."

"మెత్తటి సీటే. సూడు, కూకో."

కూర్చుని చూశాను. లేచి టైర్లను కాలితో తన్నాను. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ కింద తిరిగేవి ఏటి? అవి కూడా పడేత్తావా?" అన్నాను.

అతను చెప్పిన ధర ఎక్కువేం కాదు. నిజానికి చాలా తక్కువ. కానీ మొదటి ధరకు ఒప్పుకుంటే మా ఇంటి పేరు ఏమైపోవాలి? సగానికి అడిగాను. అతను నవ్వాడు.

"తుక్కు రేటు కూడా రాదు గదా బావా! ఒద్దులే, ఎల్లు."

వెళ్లాను. అలా వెళ్లడానికో పద్ధతి ఉంది. వెనక్కి చూడకూడదు. అవతలివాడి కేక అందేంత నెమ్మదిగా నడవాలి. గుమ్మం దగ్గర చెప్పు సరిచేసుకోవాలి. చాలాసేపు సరిచేసుకున్నాను. కేక రాలేదు. ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాను. అప్పుడూ రాలేదు. పిలుస్తాడులే, బయల్దేరేముందే ఫోను నంబరు ఇచ్చాను కదా అనుకుని ఇంటికొచ్చేశాను. గురువారమంతా ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను. గడ్డి మాత్రం ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు, వానకు మోకాలెత్తు లేచింది.

శుక్రవారం పొద్దున్నే పరిగెత్తాను. మిషను ఉన్నచోట నేల మీద నూనె మరక ఉంది.

"ఏదీ అది?"

"గ్యాసు పెట్టి కోసేశాం బావా. ఫర్నేసుకి లోడు ఎల్లిపోనాది, నిన్న మజ్జాన్నమే."

"స్పిండిళ్లు?"

"అవీ అందులోనే. నీకు అవి అక్కర్లేదు గదా? తన్ని వొదిలేసి పోనావు." ఇంతలో అతని మొహం వెలిగింది. "ఉండు, ఉండు. నాను మర్సిపోలేదు." లోపలికి వెళ్లి, గోనెసంచిలో చుట్టిన సీటు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "నీ నడుం బాగోదన్నావని దాసాను. లోడోడు ఎక్కించెయ్యబోతే కసిరాను."

బేరమాడకుండా సీటు కొన్నాను. అంతమాత్రానికే అతను అనుమానంగా చూశాడు.

"ఏటి బావా, ఒంట్లో బాగోలేదా?"

అక్కడి నుంచి బెల్టుల కొట్టుకు పోయి పొట్టి బెల్టు తీసుకున్నాను. పగిలిన స్పిండిలును ఊడదీసి, ఆ బెల్టును మిగిలిన రెండిటికే చుట్టాను. శనివారం తెల్లారగానే మైదానంలో దిగాను. మూడు బ్లేడ్ల వెడల్పు కోయాల్సింది రెండు బ్లేడ్లతో కోస్తుంటే, కుడివైపు ప్రతిసారీ ఒక చార జుట్టు దువ్వనట్టు మిగిలిపోతుంది. తిరిగొచ్చి దాని మీదుగానే పోవాలి. పొద్దస్తమానం అదే పని. లివర్ల అదురుకు వేళ్లు తిమ్మిరెక్కి, నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోయాను. సీటు మాత్రం నిజంగానే మెత్తగా ఉంది.

సాయంత్రం ఆఖరి చార కోస్తుండగా మేనేజరు స్కూటరు మీద వచ్చి, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"బాగానే ఉందండీ. వచ్చే ఏడాది సంగతే... చేతి మిషన్ల వాళ్లు మీకన్నా తక్కువకు చేస్తామంటున్నారు."

"నా రేటు నాకు గిట్టాలి కదండీ," అన్నాను, అలవాటు కొద్దీ.

"సరేలెండి. చూద్దాం."

వెనక్కి తిరిగి స్కూటరు వైపు నడిచాడు. తొందరేం లేదు ఆ నడకలో. స్కూటరు దగ్గర ఆగి, జేబురుమాలు తీసి, పొడిగా ఉన్న సీటును తుడవడం మొదలుపెట్టాడు. అటు తుడిచాడు, ఇటు తుడిచాడు. వెనక్కి మాత్రం చూడలేదు.

ఆ నడక నాకు తెలుసు. ఇంకాసేపు ఊరుకుంటే తాళం చెవి కోసం జేబులు వెతుక్కుంటాడని కూడా తెలుసు. మామూలు రోజైతే ఊరుకునేవాణ్ణే. కానీ తుక్కు కొట్లో ఆ నూనె మరక కళ్లముందే ఉంది.

"మేనేజరు గారూ!" అని కేకేశాను. "రండి, వాళ్ల రేటుకే చేస్తాను."

వెంటనే తిరిగొచ్చాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, నేను అడక్కుండానే అన్నాడు:

"గుడివాడలో మా నాన్నగారిది బట్టల కొట్టండీ."