సక్కుబాయి పవర్స్

సక్కుబాయి ఏడో తరగతితో బడి మానేసింది. ఆమెకు తెలిసి పవర్ అంటే కరెంటు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాల నంబరునూ పవరే అంటారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని సర్పంచి అయ్యాకే విన్నది.

ఉట్నూర్ రోడ్డు మీద జీపు దిగి అడవిలోకి నడిస్తే వాళ్ళ గూడెం. సీటు ఆడవాళ్ళకు వచ్చిందని ఊరివాళ్ళు ఆమెను నిలబెట్టి గెలిపించారు. కొత్త సర్పంచుల శిక్షణలో ఒక సారు, "మీకు మస్తు పవర్స్ ఉన్నయమ్మా" అన్నాడు.

"పవర్స్ అంటే ఏంది సార్?"

"పవర్ అంటే అధికారం. ఒక్కటుంటే పవర్, ఎక్కువుంటే పవర్స్."

ఇంటికొచ్చి భర్త అంబదాస్‌కు ఆ సంగతి మురిపెంగా చెప్పింది.

"గట్లయితే ముందుగాల గా బాయి పూడిపియ్యి" అన్నాడతను.

ఊరి చివర, ఇప్పచెట్ల నడుమ ఎండిపోయిన పాత బావి అది. గోడ కూలిపోయింది. చుట్టూ గడ్డి పెరిగి, అంచు దాకా పోతే గాని కనబడదు. అప్పటికే మేకలు పడి చచ్చాయి.

సక్కుబాయి పంచాయతీ కార్యదర్శిని అడిగింది.

"గది అడవి భూమి సర్పంచమ్మా. మన పవర్స్‌ల లేదు."

అడవి ఆఫీసుకు పోయింది. అక్కడి మనిషి, "నాకు గంత పవర్ లేదు. పెద్ద సార్‌ను అడుగుండ్రి" అన్నాడు. పెద్ద సారేమో పంచాయతీ తీర్మానం పట్టుకురమ్మన్నాడు. తీర్మానం రాద్దామంటే కార్యదర్శి సెలవులో ఉన్నాడు. ఇలా తిరుగుతుండగానే ఎండాకాలం వచ్చింది.

పక్కింటి బుచ్చవ్వ తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోయి, ఆ బావిలో పడింది. మంచానికి తాళ్ళు కట్టి దించి పైకి తీసేసరికి ప్రాణం లేదు.

అత్తగారింటి నుంచి వచ్చిన బుచ్చవ్వ బిడ్డ నవీన అందరి ముందరే సక్కుబాయిని నిలదీసింది.

"పవర్ నీ చేతుల వెట్టుకొని ఏం జేసినవ్ అత్తా?"

ఆఫీసుల చుట్టూ తిరిగానని సక్కుబాయి శవం ముందు ఎట్లా చెబుతుంది?

విచారణకు వచ్చిన అధికారి నిర్లక్ష్యం సర్పంచిదే అని తేల్చాడు. తర్వాత ఫోన్ చేసి, "నీ పవర్స్ ఆపినం" అన్నాడు.

"ఏవేవి ఆపిండ్రు సార్?" నిజంగానే తెలియక అడిగింది. అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఆమె గంప పట్టుకొని వాగు దగ్గరికి నడిచింది. రాళ్ళు మోసుకొచ్చి బావిలో పోయడం మొదలుపెట్టింది. అంబదాస్ ఎడ్లబండి కట్టాడు. సాయానికి ఊళ్ళోంచి ఒక్కరూ రాలేదు. అడవి ఆఫీసు మనిషి బండి ఆపి, "పర్మిషన్ ఎవలిచ్చిండ్రు?" అని అడిగాడు. ఆమె గంప దించకుండానే బావి వైపు నడిచింది. అతను బండిని వదిలేసి వెళ్ళిపోయాడు.

వానలు పడేలోగా బావి పూడింది.

నవీన ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు. సంతలో ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. సక్కుబాయి పక్కకు జరిగి దారి ఇస్తుంది.