చెంపతో దారి వెతికిన పెద్దాయన

నాపరాయి గనుల్లో పనిచేసి మానుకున్న ఆ పెద్దాయన, తవ్వే ముందు గుహ గోడకు చెంప ఆనించి కళ్లు మూసుకునేవాడు. చల్లగాలి తగిలితే వెనక దారి ఉన్నట్టే. గుహలంటే సరదా ఉన్న మేము కొందరం ఆదివారాలు కర్నూలు నుంచి వెళ్లి, లోపల పూడిన దారుల కోసం ఆయనతో కలిసి మట్టి తవ్వేవాళ్లం. ఉత్సాహం మనసుది, నొప్పి నడుముది. బయటికి మోయలేక, మట్టిని గుహలోనే ఒక మూల పోద్దామని పెద్దాయనతో విడిగా అన్నది నేనే.

నాలుగు వారాలైనా దారి దొరకలేదు. ఇక మానేద్దామని అందరూ పారలు సర్దుకుంటుంటే, ఆయన గోడ వెంబడే చెంప ఆనిస్తూ వెళ్లి మా మట్టికుప్ప దగ్గర ఆగాడు.

"గాలి ఈడ ఉండాదప్పా. దారిని మనమే పూడ్చినాం."

"ఈడ పోయమన్న మొనగాడెవురు?" అని ఒకతను అరిచాడు. నేను తల వంచుకుని పారకు అంటిన మట్టి గీకసాగాను.

"నేనేలేప్పా. వయసైపాయె, చూసుకోలేదు," అన్నాడు పెద్దాయన.

ఆయన్ని ఎవరూ ఏమీ అనలేక మళ్లీ పారలు తీశారు. సాయంత్రానికి కుప్ప వెనక మనిషి పట్టేంత సందు బయటపడింది. ఆయన నన్నే ముందు అందులోకి దూరమన్నాడు. లోపల, ముఖం కనబడదన్న ధైర్యంతో, ఆ మొనగాడు నేనేనని అరిచి చెప్పాను.

"అదట్లుండనీప్పా," అన్నాడాయన వెనకనుంచి, "ముందర దారి ఉండాదా?"

టార్చి వెలుగు ఎక్కడా గోడకు తగల్లేదు.

"శానా ఉండాది," అన్నాను.