చిక్కుడు చేను అంచున గడ్డి

సూరత్ పక్కన జోల్వాలో మా గది వెనక గోడ దాటితే చిక్కుడు చేను. ఆ చేను రైతును అందరూ కాకా అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. నా భార్యాపిల్లలు సిరిసిల్ల దగ్గర ఊళ్లో ఉంటారు. నేను పనిచేసే మగ్గాలకు సెలవు రోజున గదిలో పడుకున్నా చెవుల్లో మగ్గం చప్పుడు ఆగదు. అందుకని వెళ్లి ఆయన గట్టు మీద కూర్చునేవాణ్ని. సూరత్‌లో నన్ను తిన్నావా అని అడిగిన మనిషి ఆయనొక్కడే.

చేను చుట్టూ రెండు మూరల వెడల్పున ఆయన ఏ పంటా వేయడు. తుమ్మి, గడ్డి చామంతి, ఎప్పుడో రాలి మొలిచిన సోంపు కలిసి నడుమెత్తు పెరిగేవి. పురుగును తినే పురుగులకు అది ఇల్లు అనేవాడు. అక్షింతల పురుగులు అందులో ఉండి, చిక్కుడు మీది పేనుబంక పురుగుల్ని భోంచేయడానికి వస్తాయట. ఆయన హిందీలో చెబుతుంటే తలూపేవాణ్ని గానీ నమ్మలేదు. మా వైపు గట్టు మీద గడ్డి పెరిగితే ఆ ఇంటి మగవాణ్ని చూసి నవ్వుతారు.

గదిలో నాతో ఉండే తమ్ముడి వరసవాడూ నవ్వాడు.

"ఏందన్నా, మీ కాకా చిక్కుడు పండిస్తుండా, గడ్డి పండిస్తుండా?"

"ముసలాయన గదరా, చాతగాదు."

"నీకు చాతనైతది గదా. ఊకె గట్టు మీద కూసునుడేనా? జర కొడవలి పట్టు."

కంటి ఆపరేషన్ కోసం కూతురింటికి వెళుతూ కాకా చేనుకు నీళ్లు పెట్టే పని నాకు అప్పగించాడు. ఆయన వచ్చేసరికి చేను అద్దంలా ఉండాలని అంచు మొత్తం కోసి కాలువలో పడేశాను. ఆయన తిరిగొచ్చేనాటికి చిక్కుడు కొసలన్నీ పేనుబంకతో నల్లబడ్డాయి. పూత జిగురుపట్టి రాలుతోంది. నల్లకళ్లద్దాలు పైకెత్తి ఖాళీ అంచును చూసి, "ఎవరు?" అన్నాడు.

పక్క చేను రైతు తన గేదెల కోసం కోసుకెళ్లాడని చెప్పాను.

కాకా, ఆ పక్కాయన రోజూ ఒకే ఫ్లాస్కులో టీ పంచుకునేవారు. ఆ రోజుతో అది ఆగిపోయింది. పక్కాయన వాటా టీ నాకొచ్చింది. రెండు పంటల కాలం తాగాను. ఆలోగా అంచున గడ్డి మళ్లీ లేచింది, అక్షింతల పురుగులు వచ్చాయి, పేనుబంక తగ్గింది. పక్కాయన మాత్రం రాలేదు. ఒకరోజు కాకా గ్లాసు అందిస్తూ, "నువ్వన్నా ఉన్నావు భాయ్" అన్నాడు. కోసింది నేనేనని చెప్పాను.

ఆయన తిట్టలేదు. "అతన్ని దొంగ అన్నాను" అని, నా చేతిలోంచి గ్లాసు తీసుకుని కడిగి బోర్లించాడు.

మా గదిలో ఇప్పటికీ గేదెల కథే నడుస్తోంది. అది అబద్ధం. తమ్ముడు ఎగతాళి చేశాడంతే, కోసింది నేను, చెప్పిందీ నేను. మొన్న సెలవు రోజున మెట్ల మీంచి చూస్తే కాకా, పక్కాయన గట్టు మీద కొంచెం ఎడంగా కూర్చుని ఉన్నారు. కాకా ఇటు తిరిగితే చెయ్యెత్తుదామనుకున్నాను. తిరగలేదు. కాసేపు చూసి లోపలికి వచ్చేశాను.