నాలుగు క్లబ్బులు మారిన ఓంకార్

ఓంకార్‌ను నాలుగేళ్లలో నాలుగు క్లబ్బులు మెడపట్టి గెంటేశాయన్న మాట కొత్తగూడ బోరింగు దగ్గర పుట్టింది. శేరిలింగంపల్లి చేరేసరికి ఆ నాలుగూ ఆరయ్యాయి, మధ్యలో ఎవరో రిఫరీకి ఒక పన్ను కూడా ఊడింది. నిజానికి ఏ పన్నూ ఊడలేదు, ఎవరూ ఎవరినీ గెంటలేదు. ఉన్నదున్నట్టు కనుక్కొచ్చింది భాగ్యమ్మ ఒక్కతే. అందుకు ఆమెకు రెండు రోజులు పట్టింది, ఒక చెప్పు తెగింది.

ఓంకార్ ఆమె ఇంటికి రెండిళ్ల అవతలి పిల్లాడు. ఇరవయ్యారేళ్లుంటాయి. పొద్దుట మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న గుండ్రటి భవనంలో కరెంటు వైర్లు లాగుతాడు, సాయంత్రం నగరం లీగులో ఫుట్‌బాల్ ఆడతాడు. జట్టులో ముందు నిలబడి గోలు కొట్టే పని అతనిది. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. ఇవన్నీ చూసే భాగ్యమ్మ తన మేనకోడలు ప్రియదర్శినికి ఈ సంబంధం చెప్పింది. పిల్ల సరేనంది. పిల్ల తండ్రి, అంటే భాగ్యమ్మ అన్న రామచంద్రం, కూడా తలూపాడు. శుక్రవారం పూలు పండ్లు పెట్టి సంబంధం ఖాయం చేద్దామనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఈ మాట ఆయన చెవిన పడింది.

మంగళవారం పొద్దున్నే చెల్లెలి గుమ్మంలో దిగాడు.

"ఏడాదికో క్లబ్బు ఇడిసేటోడు పెండ్లాన్ని ఎన్నేండ్లు ఉంచుకుంటడే?" అన్నాడు, చెప్పులైనా విప్పకుండా.

"నువ్వు ఎన్ని తీర్ల బీడీలు మార్చినవ్ అన్నా? వదినె నీ తాననే ఉన్నది గద."

"బీడీలకు, బిడ్డకు ముడిపెట్టకు. నీ మాట మీదనే ఒప్పుకున్న. నువ్వే తేల్చుకొని రా. శుక్రారం దాంక చూస్త, తర్వాత ఈ సంబంధం ఊసెత్తొద్దు."

అన్న వెళ్లాక భాగ్యమ్మ పొయ్యి ఆర్పేసి, కోడలికి తాళంచెవులు ఇచ్చి బయల్దేరింది. ఓంకార్‌నే అడిగితే పోయేది. కానీ పెళ్లికొడుకు తన గురించి తాను చెప్పుకునేది ఎవరు నమ్ముతారు? ముందు బయట అడగాలి, ఆ తర్వాతే అతన్ని.

మొదటి క్లబ్బు మసీద్‌బండది. అక్కడ అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఆడిన చోట కంకర గుట్టలు, వాటి మీద రెండు మేకలు. అక్కడినుంచి చందానగర్ వెళ్లింది. అక్కడి క్లబ్బును నడిపే గోవిందప్ప సైకిల్ షాపు ముందు ట్యూబుకు పంక్చరు వేస్తున్నాడు.

"గెంటుడా? ఎవరమ్మా చెప్పింది? పదకొండు గోల్సు కొట్టిండు మాకు," అన్నాడు. ఈ లీగు పద్ధతి ఆమెకు చెప్పింది కూడా అతనే. ఏటా ఎండాకాలంలో ఒక రోజు, ఆటల సంఘం ఆఫీసులో రిజిస్టరు తెరుస్తారు. ఆటగాడు స్వయంగా వచ్చి ఏ క్లబ్బు కాగితం మీద సంతకం పెడితే ఆ ఏడాదికి ఆ క్లబ్బు మనిషి. "ఆ సంతకాల రోజు దండ పట్టుకొని పొద్దంత నిలబడ్డ. మా ముంగట్నుంచే పోయి బార్కస్ వాళ్ల కాగితం మీద పెట్టిండు. దండ తెచ్చి మా గోల్‌కీపర్ మెడల ఏసిన, ఏం జేస్త."

"గోల్‌కీపర్ అంటే?"

"రెండు కర్రల నడుమ నిలబడి బంతి ఆపెటోడు."

"అంటే ఉరకనీకి చాతగానోన్ని ఆడ నిలబెడ్తరా?"

గోవిందప్ప చేతిలోని ట్యూబు జారిపోయింది. "ఆడు లేకుంటే ఆటే లేదమ్మా. ఓంకార్‌కు దోస్తు కూడ ఆడొక్కడే. చాయ్ ఆనితోనే, టిఫిన్ ఆనితోనే. మాతోని రెండు మాటలు మాట్లాడితే ఒట్టు."

మర్నాడు బార్కస్. నగరానికి ఆ చివర, రెండు బస్సులు. చెప్పు తెగింది అక్కడే. క్లబ్బు పెద్దమనిషి సాలెహ్ సాబ్ జామకాయల తోటలో మంచం మీద కూర్చున్నాడు. ఆమెను చూసి ముందు మంచం ఖాళీ చేశాడు, తర్వాత జామకాయ కోసి ఉప్పు కారం చల్లి ఇచ్చాడు, ఆ తర్వాతే ఎవరని అడిగాడు.

"పదిహేడు గోల్సమ్మా. గసొంటోన్ని ఎవడన్న ఎల్లగొడ్తడా? సంతకాల దినం దావత్ పెట్టిన. రాలే. మల్కాజ్‌గిరి వాళ్లకు సంతకం పెట్టినంకనే వచ్చి, సీదా మా గోలీ, గదే గోల్‌కీపర్, దగ్గరికి పోయి, వాటేసుకొని గలే మిలాయించి, బిర్యానీ తిని పోయిండు."

"మీ బిర్యానీనేనా?"

"మాదే. రెండు ప్లేట్లు. తిననీయి, కోపం రాలే. మల్కాజ్‌గిరి వాళ్లు కూడ ఇయ్యాల గిట్లనే పరేషాన్ ఉన్నరంట. ఎల్లుండి మళ్ల సంతకాలు."

ఎల్లుండి అంటే శుక్రవారం. భాగ్యమ్మ సగం తిన్న జామకాయ మంచం మీద పెట్టేసింది. గెంటలేదన్నది తేలింది. కానీ బంగారంలా చూసుకునే వాళ్లను కాదని ఏటా తానే వెళ్లిపోతాడంటే అది మరీ ఇబ్బంది. గెంటించుకున్నవాడికైనా ఒక సాకు ఉంటుంది. ఈ మాట రామచంద్రానికి ఏ ముఖంతో చెప్పడం?

తిరిగొచ్చేసరికి ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఓంకార్ తన అరుగు మీద కూర్చుని బూట్ల మట్టి పుల్లతో గీకుతున్నాడు. భాగ్యమ్మ తెగిన చెప్పు చేతిలో పట్టుకునే అతని ముందు నిలబడింది.

"చెప్పు చూపిస్తున్నవేంది పెద్దమ్మా?" అన్నాడు భయంగా.

"నిన్ను కొట్టనీకి కాదు, నీ కోసం తెగింది. చందానగర్ పోయొచ్చిన, బార్కస్ పోయొచ్చిన. అందరు నిన్ను మెచ్చుకునేటోళ్లే. మరెందుకు ఇడిసినవ్ వాళ్లను? సీదా చెప్పు. పిల్ల బతుకు ముచ్చట."

ఓంకార్ పుల్ల పక్కన పెట్టాడు.

"నవ్వొద్దు. మసీద్‌బండల ఆడినప్పుడు చందానగర్ గోలీ మీద నాకు ఒక్క గోలు పడలే. పిచ్చి లేసింది. అందుకని వాళ్ల క్లబ్బులనే చేరిన. రోజూ ప్రాక్టీసుల ఎదురుంగ ఉంటడు గద. ఏ కాలు మీద బరువేస్తడు, ఎటు దూకుతడు, అన్నీ పట్టిన. పట్టినంక ఆడనే ఉంటే వాని మీద గోలు కొట్టేదెట్ల? బయటికి రావాలె. గంతట్ల బార్కస్ గోలీ ఆపవట్టె. ఆయనకు ఒక ఏడు. తర్వాత మల్కాజ్‌గిరాయన."

భాగ్యమ్మ చెప్పు కింద పడేసి అరుగు మీద కూర్చుంది. "మరి కొట్టినవా వాళ్ల మీద?"

"మొదటి ఇద్దరి మీద కొట్టిన. మూడోటాయనను పట్టిన, ఈ ఏడు కొడ్త."

"ఇంకెంతమంది ఉన్నర్రా నాయనా ఈ ఊర్ల?"

"ఒక్కడే పెద్దమ్మా, లాలాగూడల. ఎల్లుండి వాళ్లకే సంతకం పెడుతున్న, వాడే ఆఖరు గోలీ. మీ అన్నకు చెప్పు, పూలు పండ్లు శుక్రారం సాయంత్రం పెట్టుకుందాం, సంతకం పెట్టి సీదా వస్త. పెండ్లి మాత్రం లీగు అయినంక పెట్టుమను. ఇప్పుడే అయితే పందిట్ల పిల్ల మొఖం చూద్దమన్నా నాకు వాని చేతులే కనవడ్తయి."