సార్ పాదం, నా వేలు

మా కీబోర్డ్ సార్ పోయారు. మొన్న పొద్దున నేను పాఠాలు చెప్పడానికి బడికి బయలుదేరుతుంటే ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. మిర్యాలగూడలో కీబోర్డ్ ముట్టుకున్నవాళ్లకు ఆయన గురించి నేను చెప్పాల్సిన పని లేదు. తెలియనివాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ఆయన రైసుమిల్లులో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగాక ఇంట్లో ముందు గదిలో మాకు క్లాసు. ఒక కీబోర్డ్, ఒక ఎఫెక్ట్స్ పెట్టె, కింద ఎక్స్‌ప్రెషన్ పెడల్. దాని మీద పాదం ముందుకు వంచితే శబ్దం పెరుగుతుంది, వెనక్కి వాలిస్తే తగ్గుతుంది. సార్ చెప్పులు విడిచి ఉత్త పాదమే దాని మీద పెట్టేవారు. వైరు పిన్నును చొక్కా అంచుతో తుడవనిదే గుచ్చేవారు కాదు. "అన్ని బంద్ చేసినంకనే వైరు పెట్టుండ్రి. గంత తొందరేమొచ్చె?" అని రోజూ మాలో ఎవరో ఒకరికి చీవాట్లు.

నేను ముప్పై దాటాక చేరాను. వేళ్లు త్వరగానే తిరిగాయి గానీ సార్ నన్ను స్టేజీ ఎక్కనివ్వలేదు. "వేళ్లు మంచిగున్నయమ్మా, చెవే ఇంక రాలె. పాడేటోళ్ల గొంతు మీదెక్కి కూసుంటున్నవ్. జర ఎనకకు జరుగు" అనేవారు. రెండేళ్లు అదే మాట! నాకు ఒళ్లు మండింది. కోదాడలో ఒక నిశ్చితార్థంలో సార్ ప్రోగ్రాం ఉంది, అది అయిపోగానే మానేద్దామని గట్టిగా అనుకున్నాను.

ఆ ప్రోగ్రాంకు వైర్ల సంచి సర్దింది నేనే. పెడల్ వైరుకు గుర్తుగా సార్ ఒక ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉంచేవారు. జిడ్డు పట్టి అసహ్యంగా ఉంది, శుభకార్యంలో నలుగురూ చూస్తే బాగుండదని కత్తిరించి పారేశాను. తీరా కోదాడ వెళ్లి సంచి విప్పితే అన్నీ గిటార్ వైర్లే! గుర్తు లేని పెడల్ వైరు ఇంట్లోనే ఉండిపోయింది. చూడ్డానికి రెండూ ఒకటే. పెడల్ వైరు పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి, గిటార్ వైరుకు ఒక్కటే. గిటార్ వైరు పెడితే పెడల్ పని చేయదు. కీబోర్డ్ హోరుమని మోగుతూనే ఉంది. పాడే అమ్మాయి నోరు కదులుతోంది, మాట వినపడదు.

పెళ్లికూతురి మేనమామ విసవిసా వచ్చాడు. "ఏంటండీ ఈ గోల? తగ్గిస్తారా, ఆపేయమంటారా?"

నాకు ఏడుపొచ్చింది. "నేనే సార్, పేలిక కోసి పడేసిన" అన్నాను.

సార్ నవ్వారు. "అయితేంది? వైరు లేకుంటే నువ్వున్నవ్ గద. గీడ కూసో. నా చేతులు రెండు ఖాళీ లెవ్వు. నా కాలు సూడు, వాల్యూమ్ తిప్పు."

పనిచేయని పెడల్ మీదే ఆయన ఎప్పట్లా పాదం ఆడించారు. అది వంగితే నాబ్ పెంచాను, వాలితే తగ్గించాను. మొదటి పాటంతా వెనకబడ్డాను. రెండో పాటకు కాస్త అందుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు, కిందికి చూడడం మానేసి పాడే అమ్మాయి ముఖం చూస్తున్నాను. ఆమె ఊపిరి తీసుకునే చోట పెంచుతున్నాను, మాట అందుకోగానే తగ్గిస్తున్నాను. మేనమామ ముందు వరుసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తున్నాడు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. ఆ తర్వాత ఎన్ని స్టేజీలు ఎక్కానో! ఇప్పుడు నేనూ నలుగురికి నేర్పుతున్నాను. చెవి ఇంకా రాలేదని ఎవరైనా దిగులుపడితే ఆ మధ్యాహ్నం గురించే చెబుతాను. సార్‌కు నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

ఆ రోజు కోదాడలో చివరి పాట సగంలో ఉండగా, అయ్యో, సార్ కాలు చూడక ఎంతసేపైందోనని ఉలిక్కిపడి కిందికి చూశాను. పెడల్ మీద పాదం లేదు. సార్ రెండు కాళ్లూ కుర్చీ కిందికి ముడుచుకుని, కళ్లు మూసుకుని, హాయిగా వాయించుకుంటున్నారు.