తలుపులు మూయని ఆవిడ

పోయిన వేసవి చివర్లో కెనడాలోని సర్రీ నుంచి కారులో ఒసోయూస్ వైపు కొండల మీది ఎడారిలో ఉన్న ఒక రిసార్ట్‌కి వెళ్ళాం. మట్టి గోడలు, సోలార్ కరెంటు, ఏసీ లేకుండానే చల్లగా ఉండే ఖరీదైన గదులు. పక్క కాటేజీలో పెద్ద వయసు తెలుగు జంట దిగింది. ఆవిడను చూస్తే మొదట చిరాకేసింది. ఏ తలుపూ మూయనిచ్చేవారు కాదు. భోజనాల హాల్లో ఎవరైనా తలుపు వేస్తే, తింటున్నది ఆపి లేచి వెళ్ళి బార్లా తెరిచి వచ్చేవారు. గాలికి ఇసుక లోపలికి కొట్టినా సరే.

ఒక సాయంత్రం వరండాలో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను.

"ఆంటీ, తలుపు వేస్తే మీకు ఊపిరాడదా?"

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకున్నారు.

"మా ఊరికి వైల్డ్‌ఫైర్ వచ్చిందమ్మా. వెంటనే ఇవాక్యుయేట్ చేయమన్నారు. మా పిల్లి ఎంత పిలిచినా మంచం కింద నుంచి రాలేదు. అంకుల్ కారులో హారన్ కొడుతున్నారు. తలుపు తెరిచి ఉంచితే అదే బయటపడుతుంది అనుకుంటూనే, అలవాటు కొద్దీ లాక్ చేసేశా. హైవే ఎక్కాక గుర్తొచ్చింది. అప్పటికే రోడ్డు మూసేశారు. ఇల్లు మొత్తం కాలిపోయింది."

"అంకుల్‌కి తెలుసా?"

"తెలీదు. తెరిచే వచ్చానని చెప్పా."

అంతలో అంకుల్ టీ కప్పులతో వచ్చారు. మా మాటల్లో పిల్లి అన్న మాట ఒక్కటే ఆయన చెవిన పడినట్టుంది.

"దానికేమమ్మా, ఎవరింట్లోనో హాయిగా పాలు తాగుతూ ఉంటుంది. అంత కంగారులోనూ మీ ఆంటీ తలుపు తెరిచి పెట్టింది," అన్నారు గర్వంగా.

ఆవిడ కప్పు అందుకుని, "అవునండీ," అన్నారు.