వంటింటి గోడకి అంటించిన కాగితం

పక్కింటి సుబ్బయ్య బాబాయ్ మేడ కట్టడానికి మా వంటింటి గోడ పక్కనే పునాది తవ్విస్తున్నాడు. ఈ రోజు పొద్దున కిరసనాయిలు స్టవ్ వెలిగించబోతే ఆ గోడకి పైనుంచి కిందదాకా పగులు కనిపించింది. చెయ్యి పెడితే మట్టి రాలింది. నాకు ఒళ్లు మండి, బాబాయ్‌ని పిలుచుకొచ్చి చూపించా.

"ఇది పాత పగులే అమ్మాయ్. నా పునాదికీ దీనికీ ఏంది సంబంధం?" అన్నాడు.

మాటా మాటా పెరిగేలోపు ఆయన మేస్త్రి మస్తాన్ మా పాప నోటుబుక్కులో ఒక కాగితం చింపి, గంజి రాసి పగులుకి అడ్డంగా అంటించాడు.

"రేపు పొద్దుటికి ఇది చిరిగితే గోడ కదులుతున్నట్టు. మేడ పని ఆపేసి ముందు ఈ గోడ కడతా. చిరక్కపోతే పగులు పూడ్చి సున్నం కొడతా" అన్నాడు. బాబాయ్ సరేనన్నాడు.

ఆ తర్వాత బాబాయ్ మా గోడ వైపు ఒక్క గడ్డపార కూడా వెయ్యనివ్వలేదు. నాలుగుసార్లు వచ్చి కాగితం చూసిపోయాడు. సాయంత్రం గోంగూర పచ్చడి చేద్దామని రోట్లో ఎండుమిరపకాయలు వేసి రెండు పోట్లు వేశానో లేదో, పరిగెత్తుకొచ్చాడు.

"దంచమాక అమ్మాయ్, గోడ అదురుద్ది. మీ పిన్ని నూరి పంపిద్దిలే."

రేడియోలో వార్తలయ్యేసరికి పచ్చడి గిన్నె వచ్చింది. చానా బాగుంది. కాగితం ఇప్పటిదాకా చిరగలేదు. రేపు మేస్త్రి సున్నం కొట్టి వెళ్లాక కూడా గోడ అదురుద్దేమోనని భయపడుతున్నట్టే ఉందామనుకుంటున్నా. ఇంట్లో ఇంకో కట్ట గోంగూర ఉంది. మీరేమంటారు?